ఒకే డ్రెయిను మీద ఉన్నవాళ్ళు

ఆక్వా ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సంఘాల గురించే ఉన్నాయి. పెట్టాలా, చేరాలా, ఎవరిని అధ్యక్షుణ్ణి చేయాలి, పెట్టిన సంఘం ఎందుకు పడుకుంది అని. నేను మత్స్యశాఖలో ఉద్యోగమంతా చెరువు గట్ల మీదే చేశాను. సంఘాలు పుట్టడం చూశాను, బోర్డు కట్టిన మర్నాడే మూలపడినవీ చూశాను. అందుకని ఈ నెల మేత, మందుల ప్రశ్నలు పక్కన పెట్టాను. ఆ ఉత్తరాలు రాసినవారు కోప్పడకండి, వచ్చే నెల మీ వంతు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర, గొంతేరు డ్రెయిను పక్కన ఆరు ఎకరాలు. వనామీ రొయ్య వేస్తాం. పోయిన పంటలో మా పై చెరువు రైతు రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి పట్టుబడి చేసి, తూము ఎత్తి నీళ్ళన్నీ డ్రెయినులోకి వదిలేశాడు. మర్నాడు పోటు సమయానికి మేము మోటార్లు వేసుకున్నాము. నలుగురం నష్టపోయాము. ఇప్పుడు సంఘం పెట్టుకుందామని అంటున్నారు. మా మండలంలో సంఘాలకు కొదవ లేదు. ధర పడినప్పుడు రోడ్డు మీద కూర్చోవడం తప్ప వాటివల్ల జరిగింది కనపడదు. ఇంకొకటి పెట్టి ఏమి ఉపయోగం?
— ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు మీ పై చెరువు రైతు సంగతి తేల్చుకుందాం. ఆయన్ని మీరు తిట్టే ఉంటారు. మీ చోట ఉంటే నేనూ తిట్టేదాన్నే. కానీ ఆ రాత్రి ఆయన వేసుకున్న లెక్క మీరూ ఒకసారి వేసి చూడండి. తెల్లమచ్చకు మందు లేదు. నీరసపడిన రొయ్యలు గట్టు వారకు రావడం మొదలైతే మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. ఆ రాత్రే పట్టేస్తే వంద కౌంటు (కిలోకు వంద తూగే చిన్న రొయ్య) సరుకైనా కొంత డబ్బు చేతికి వస్తుంది. నీళ్ళు వదలకుండా వలతో పట్టి, మిగిలిన నీటికి బ్లీచింగ్ వేసి, క్లోరిన్ విరిగేదాకా నిలిపి ఉంచితే? బ్లీచింగ్ ఖర్చు ఆయనది, ప్రయోజనం మీ నలుగురిది. పోనీ మీకు ముందే చెబితే? కబురు గంటలో కొనుగోలుదారుకు చేరుతుంది, ధర తెగ్గోస్తాడు. మేత అప్పు ఇచ్చినవాడు తెల్లారేసరికి ఇంటి ముందు ఉంటాడు. నోరు మూసుకుని తూము ఎత్తడమే ఆయనకు చవక. ఆ లెక్క మారనంతవరకు పై చెరువులో ఎవరున్నా అదే పని చేస్తారు. రేపు జబ్బు ముందుగా మీ చెరువుకే వస్తే మీరు మాత్రం ఏమి చేస్తారో నిజాయితీగా ఆలోచించండి.

కాబట్టి నా దృష్టిలో సంఘానికి మొదటి పని ఆ లెక్కను మార్చడం. జబ్బు వచ్చిన చెరువు నీటిని నిలిపి ఉంచిన రైతుకు బ్లీచింగ్ ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వాలి. ముందుగా చెప్పినవాడికి సాయం అందాలి, దాచినవాడికి జరిమానా పడాలి. ఇది మాటగా మిగలకుండా సీడు, అంటే రొయ్య పిల్ల, పోసే ముందే కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టాలి. జబ్బు వచ్చాక కూర్చుంటే తీర్మానాలు రావు, తగాదాలు వస్తాయి.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. మీ పక్కనే జరిగింది. 1994–95లో తెల్లమచ్చ మన తీరానికి వచ్చి టైగర్ రొయ్యను తుడిచిపెట్టేసింది. ఆ దెబ్బకు కారణాలు వెతకడానికి 2000లో కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే నాకా అనే ఆసియా దేశాల ఆక్వా సంస్థ కలిసి ఒక పథకం మొదలుపెట్టాయి. నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 300కు పైగా చెరువులను సీడు పోసిన రోజు నుంచి పట్టుబడి దాకా గమనించారు. ఏ చెరువు నిలిచింది, ఏది పోయింది, రెండింటికీ తేడా ఏమిటని చూశారు. తేలినవి చాలావరకు మన పెద్దలు చెప్పేలాంటివే. అడుగున నల్లబురద తీయాలి, చెరువు బాగా ఎండాలి, నీటిని వలగుడ్డతో వడగట్టాలి, సీడులో వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించాలి, పీతలు రాకుండా చూసుకోవాలి.

కానీ ఒక్కడే ఇవన్నీ చేసి పక్కవాడు చేయకపోతే ఫలితం ఎంత? అందుకే 2002లో మొగల్తూరులో అయిదుగురు రైతులతో, పది చెరువులతో గుంపుగా చేసి చూశారు. మరుసటి ఏడాదికి ఆ అయిదుగురు 58 మంది అయ్యారు. ఎవరూ వాళ్ళను బతిమాలలేదు. పక్క చెరువు నిలబడటం కళ్ళతో చూసి వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ గుంపులకు ఆక్వా క్లబ్బులని పేరు. అవి బాగా నడవడంతో 2007లో ఎంపెడా కింద నాక్సా అనే సంస్థ ఏర్పడింది. దాని కేంద్రం కాకినాడలో ఉంది. చిన్న రైతులను సొసైటీలుగా కూర్చడమే దాని పని.

ఆ క్లబ్బుల్లో నాకు బాగా నచ్చింది సీడు కొనే పద్ధతి. ఒక్కో రైతు హేచరీకి, అంటే పిల్లను పుట్టించి అమ్మే చోటికి, వెళితే ఆ రోజు ట్యాంకులో ఏది ఉంటే అది తెచ్చుకోవాలి. ఇరవై మంది కలిసి, కావలసిన రోజుకు చాలా ముందుగా హేచరీతో ఒప్పందం చేసుకుంటే తల్లి రొయ్యను కూడా పరీక్షించి ఆ సీడే ఇమ్మని అడగగలరు. ఒక్కడు అడిగితే ‘ఇష్టముంటే తీసుకో’ అంటారు. ఇరవై మంది అడిగితే కుర్చీ వేస్తారు.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలి? మండలం పేరు మీద, కులం మీద, పార్టీ మీద పెట్టకండి. ముందు ఒక తెల్లకాగితం మీద మీ డ్రెయినును గీయండి. ఎవరి తూము ఎక్కడ వదులుతుంది, ఎవరి మోటారు ఎక్కడ తోడుతుంది, అన్నీ గుర్తు పెట్టండి. ఒకరి మురుగు ఇంకొకరి మోటారులోకి వెళ్ళే ఆ చెరువులవాళ్ళే మీ సంఘం. వాళ్ళలో మీకు పలకరింపు లేనివాళ్ళు తప్పకుండా ఉంటారు. ముందుగా వాళ్ళ ఇంటికే వెళ్ళండి. ఊరికి అవతల, వేరే కాలువ మీద ఉన్న మీ బావమరిదికి ఇందులో చోటు లేదు, ఆయన ఎంత మంచివాడైనా సరే. ఆయన కాలువవాళ్ళతో ఆయన్ని వేరే సంఘం పెట్టుకోమనండి.

తరువాత సీడు పోసే తేదీలు. ఒకే డ్రెయిను మీద ఉన్నవాళ్ళు అందరూ వారం పది రోజుల తేడాలో పోసుకోవాలి. ఒకరు పట్టుబడి చేసి మురుగు వదిలే సమయానికి ఇంకొకరి చెరువులో లేత పిల్ల ఉండకూడదు. వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. దానికి ఒక నియమం కూడా ఉండాలి. చచ్చిన రొయ్య కనపడిన రోజునే అందులో రాయాలి, గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టకూడదు. రెండో నియమం అమలు చేయడమే కష్టం.

ప్రశ్న: మా సంఘానికి అధ్యక్షుడిగా ఉండటానికి ఒక మేత డీలరు ముందుకు వచ్చారు. ఆఫీసు గది కూడా ఆయనే ఇస్తానంటున్నారు. మంచివారు, చాలామందికి అప్పు ఇచ్చి ఆదుకున్నారు. ఒప్పుకోవచ్చా?
— గణపవరం నుంచి

జవాబు: వద్దు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయన దగ్గర అప్పున్న రైతు సమావేశంలో లేచి ‘ఈ మేత వేస్తే నా చెరువు అడుగు పాడవుతోంది’ అనలేడు. ఆయన్ని సమావేశానికి పిలవండి, టీ ఇవ్వండి, మాట్లాడనివ్వండి. పదవి ఇవ్వకండి, గది తీసుకోకండి. బడి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నా సంఘం నడుస్తుంది.

ప్రశ్న: మా చెరువులు ఉప్పుటేరుకు దగ్గరలో ఉన్నాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ కావాలంటున్నారు. మాలాంటి మూడు, నాలుగు ఎకరాలవాళ్ళకు అది అవసరమా? అదంతా పెద్ద కంపెనీల కోసమని మా వాళ్ళు అంటారు.
— కృష్ణా జిల్లా రైతు

జవాబు: అవసరమే. సముద్రం, నది, క్రీకు, బ్యాక్‌వాటర్, వీటి పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువు ఉంటే ఎకరాలతో సంబంధం లేకుండా నమోదు చేయించుకోవాలి. నమోదు 5 సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. కాగితాలు మత్స్యశాఖ ద్వారానే వెళతాయి కాబట్టి దళారికి డబ్బులు ఇచ్చే పని లేదు.

ఈ నమోదు పెట్టిన చట్టం ఎందుకు వచ్చిందో కుర్రవాళ్ళకు తెలియదు కనుక చెబుతాను. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చింది, సంప్రదాయ పద్ధతిలో నడిచే వాటిని మాత్రం మినహాయించింది. తాగునీరు ఉప్పెక్కిందని, పొలాలు చౌడు బారాయని ఆ తీరప్రాంత పల్లెలవాళ్ళు పెట్టుకున్న మొర అది. మన పరిశ్రమ అప్పుడు ఒక్కసారిగా వణికింది. 2005లో చట్టం వచ్చి అథారిటీ ఏర్పడ్డాకే కాళ్ళ కింద నేల గట్టిపడింది. 2009లో వనామీకి అనుమతి కూడా ఆ దారిలోనే వచ్చింది, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి పోయకూడదనే షరతుతో. ఆ షరతును ఎంతమంది పాటిస్తున్నారో నన్ను అడగకండి. 2023లో చట్టాన్ని సవరించి, జైలు శిక్ష తీసివేసి జరిమానాలు పెట్టారు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

5 హెక్టార్లు దాటిన చెరువులకు మురుగునీటి శుద్ధి ఏర్పాటు తప్పనిసరి. మూడెకరాల రైతు తన చెరువులో కొంత భాగాన్ని శుద్ధికి వదులుకోలేడు, నిజమే. పది మంది కలిస్తే ఒక చెరువును వదులుకోగలరు. అందరి మురుగు అందులోకి వెళ్ళి, మడ్డి దిగాక పైనీరు డ్రెయినులోకి వెళుతుంది. ఆ చెరువు ఇచ్చినవాడికి మిగిలినవాళ్ళు కౌలు కట్టాలి.

నమోదుతో పాటు ఎంపెడా దగ్గర చెరువు ఎన్‌రోల్‌మెంట్ కార్డు తీసుకోండి, పట్టుబడికి ముందు వాళ్ళ ల్యాబులో యాంటీబయాటిక్ పరీక్ష చేయించండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు అనే యాంటీబయాటిక్ మందులు నిషేధించినవి. యూరప్‌వాళ్ళు 2016లో మన రొయ్యల కంటైనర్లలో పరీక్షించే వాటిని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఎవరో కొందరు వాడిన మందుకు రాష్ట్రమంతా, దేశమంతా సరుకు రేవులో ఆగింది. లేబుల్ లేని పొట్లం చెరువులోకి వెళ్ళకూడదని సంఘం నియమాల్లో రాయండి. ‘ప్రోబయాటిక్’ అని చెప్పి అమ్మినా సరే.

ప్రశ్న: మా తాతగారు కొల్లేరు లంకలో చేపల చెరువు సొసైటీ సభ్యుడు. అప్పట్లో ప్రభుత్వమే సొసైటీలకు చెరువులు ఇచ్చిందట. చివరికి మా ఇంటికి ఏమీ మిగలలేదు. సంఘం అనే మాట ఎత్తితే మా నాన్నగారు లేచి వెళ్ళిపోతారు. మీరేమంటారు?
— ఏలూరు జిల్లా నుంచి ఒక యువకుడు

జవాబు: మీ నాన్నగారి కోపం న్యాయమైనదే. 1976 ప్రాంతంలో కొల్లేరు మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వి ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. చేపల పెంపకానికి పెట్టుబడి కావాలి, అది లంకవాసుల దగ్గర లేదు. బయటి నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి కౌలుకు తీసుకున్నారు. కాగితం మీద సభ్యుడిగా మీ తాతగారు ఉన్నారు, గట్టు మీద ఇంకొకరు ఉన్నారు. ఏటా వచ్చే కొద్దిపాటి కౌలు డబ్బు, అదే చెరువు మీద కూలి పని, సంఘం అంటే ఇంతే మిగిలింది. గట్లు సరస్సు లోపలికి పెరుగుతూ పోయాయి, వాగుల నీరు దిగే దారి మూసుకుపోయింది, వానాకాలం పైన ఉన్న ఊళ్ళు మునిగాయి. 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో గట్లు తెంచేశారు. తెంచినప్పుడు కౌలుదారు పెట్టుబడి పోయింది, లంకవాసి జీవనం పోయింది. ఈ రెండు నష్టాలను ఒకటిగా మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు.

అక్కడ చెడింది సంఘం అనే ఆలోచనా? నేను అలా అనుకోను. పెంపకం చేయనివాడు సభ్యుడయ్యాడు, చేసేవాడు సభ్యుడు కాలేదు. సరస్సు ఎంత బరువు మోయగలదో ఎవరూ అడగలేదు, అడిగే వేదికా లేదు. మీరు కొల్లేరు బయట, అనుమతి ఉన్న నేలలో కట్ల, రోహు వేస్తున్నట్లయితే చెరువులో దిగేవాళ్ళతోనే సంఘం పెట్టండి. మీ నాన్నగారిని మొదటి సమావేశానికి రమ్మనకండి. రెండో సంవత్సరం లెక్కల పుస్తకం ఆయన చేతికి ఇచ్చి తప్పులు వెతకమనండి. అలాంటి మనిషి సంఘానికి అవసరం.

ప్రశ్న: మాది కాకినాడ, ప్రస్తుతం సియాటిల్‌లో ఉంటున్నాము. ఇక్కడ ఆయిస్టర్ గుల్లలు పెంచేవాళ్ళకు పెద్ద సంఘం ఉంది. మన కాకినాడ అఖాతంలో గుల్లలు ఏరేవాళ్ళకు అలాంటిది ఎందుకు లేదు, ఆంటీ?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెబుతున్నది పసిఫిక్ తీరంలోని షెల్‌ఫిష్ రైతుల సంఘం అయి ఉంటుంది. అది 1930 నాటిది. వాళ్ళ కథలో మన రొయ్యల రైతులు వినవలసినది ఒకటి ఉంది. 2007 నుంచి ఆరెగన్‌లోని నెటార్ట్స్ అఖాతం ఒడ్డున ఉన్న హేచరీలో ఆయిస్టర్ పిల్లలు గుంపులుగా చచ్చిపోయాయి. మొదట బ్యాక్టీరియా అనుకున్నారు. తీరా చూస్తే సముద్రపు లోతుల నుంచి పైకి వచ్చే నీటిలో ఆమ్లత పెరిగి, లేత గుల్ల గట్టిపడటం లేదు. హేచరీవాళ్ళు, విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి నీటిని గంట గంటకూ కొలిచారు. ఉదయం నీటి కంటే మధ్యాహ్నం తరువాతి నీరు మేలని తేలింది. పగలు నాచు, సముద్రపు గడ్డి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి కనుక. మోటారు వేసే వేళ మార్చారు, నీటిలో సోడా కలిపారు, పిల్ల మళ్ళీ నిలిచింది. ఆ కొలతలు ఒక్క హేచరీ గుట్టుగా మిగిలిపోకుండా తీరమంతా పంచుకోవడంలో సంఘానిది పెద్ద పాత్ర.

గుల్లలకు మేత వేయనక్కరలేదు, నీటిలో ఉన్నదే వడగట్టుకుని తింటాయి. అందువల్ల పక్క ఊరి మురుగు కూడా వాటి ఒంట్లోకి చేరుతుంది. నీటి కోసం పోట్లాడక తప్పదు వాళ్ళకు.

అయితే సియాటిల్ దాకా ఎందుకు? కొల్లంలోని అష్టముడి సరస్సును చూడండి. 1990ల మొదట్లో అక్కడ గుల్లల పట్టుబడి రెండేళ్ళలో సగానికి పడిపోయింది. గుడ్లు పెట్టే కాలం, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏరకూడదని, వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, కిలోకు 1,400 ముక్కల కంటే ఎక్కువ తూగే చిన్న గుల్లల మాంసం ఎగుమతి చేయకూడదని కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఏరేవాళ్ళు, వ్యాపారులు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు, అధికారులు ఒక మండలిలో కూర్చున్నారు. 2014లో ఆ గుల్లలకు, వనరు తరగకుండా పట్టే వేటకు ఇచ్చే అంతర్జాతీయ ఎంఎస్‌సీ ముద్ర వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. అది పెంపకం కాదు, ఏరుకోవడమే, కానీ కట్టుబాటు కట్టుబాటే. కేరళలోనే కాసరగోడ్ వైపు మహిళా సంఘాలు తాళ్ళ మీద మసెల్స్ అనే గుల్లలను పెంచుతున్నాయి.

కాకినాడలో గుల్ల ఎన్నో ఏళ్ళు సున్నానికే పోయింది. మన ఇళ్ళలో దాన్ని తినేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు అంతకంటే తక్కువ. సంఘం లేకపోవడానికి అది ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు గుల్లలు ఏరే ఆడవాళ్ళను అడగండి, నాకంటే బాగా చెబుతారు.

ప్రశ్న: అమెరికా సుంకాలు పెరిగితే ఇక్కడ ధర పడుతుంది. సంఘం ఉంటే ఆపగలమా?
— అమలాపురం నుంచి

జవాబు: లేదు. 2025 ఆగస్టు చివరికి సుంకం 50 శాతానికి చేరినప్పుడు, దానిమీద డంపింగ్ వ్యతిరేక సుంకం అదనంగా ఉన్నప్పుడు, ఎగుమతిదారుల జాతీయ సంఘమే ఢిల్లీ చుట్టూ తిరిగింది. మీ డ్రెయిను మీద ఉన్న ముప్పై మంది వల్ల వాషింగ్టన్ మారదు. మీ చేతిలో ఉన్నవి వేరే. సొంత కాటా పెట్టుకోండి. కౌంటు ఎలా తీయాలో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ముందే రాయించుకోండి. ఎవరికి ఎంత ధర వచ్చిందో ఆ రోజే గ్రూపులో పెట్టండి, సిగ్గుపడకండి.

ఒక చిక్కు మాత్రం ఉంది. జబ్బు కోసం అందరూ ఒకేసారి సీడు పోయాలని పైన రాశాను. ఒకేసారి పోస్తే ఒకేసారి పట్టాలి, అప్పుడు కొనేవాడు ఆడింది ఆట. ఒక డ్రెయిను మీద అందరూ ఒక తేదీ, పక్క డ్రెయినువాళ్ళు మూడు వారాల తరువాత ఇంకొక తేదీ అని రెండు సంఘాలూ కూర్చుని పంచుకోగలిగితే దానికి విరుగుడు ఉంది. ఇద్దరు అధ్యక్షులూ మాట్లాడుకునే మనుషులై ఉండాలి మరి.

ప్రశ్న: సభ్యత్వ రుసుము ఎంత పెట్టమంటారు?
— భీమవరం

జవాబు: ఎంత అన్నది మీరే తేల్చుకోండి. మనిషికి ఇంత అని కాక ఎకరాకు ఇంత అని పెట్టండి, నీరు ఎక్కువ వాడేవాడు ఎక్కువ కట్టాలి. ఓటు మాత్రం ఎకరాకు కాదు, మనిషికి ఒకటి. చెరువు కౌలుకు ఇచ్చి ఉంటే కౌలుదారుకే సభ్యత్వం ఇవ్వండి, యజమానికి సమావేశం కబురు పంపితే చాలు. డబ్బు సీడు పోసే ముందే వసూలు చేయండి. పట్టుబడి తరువాత ఇస్తానన్నవాడి పేరు పెన్సిలుతో రాసుకోండి.